నష్టానికి గైడు పని: భవానీపురం నుంచి తలకిందుల సలహాలు

గైడు పనిలో కొత్తగా దిగేవాళ్ళకి మా బెజవాడ భవానీపురంలో సీనియర్లు చెప్పే పాఠం ఒకటే. పార్టీని, అంటే నీ వెంట వచ్చిన యాత్రికుల్ని, కౌంటరు దాకా రానివ్వకు, టికెట్లు నువ్వే తే. దేనికెంతయిందో విడివిడిగా చెప్పకు, మొత్తం కలిపి ఒక్క అంకె చెప్పు. ‘అక్కడ చూడ్డానికి ఏమీ మిగల్లేదు’ అన్నమాట నోటెంట రానివ్వకు. పొద్దుగూకాక పడవ అడిగినా ‘చూద్దాం సార్’ అను, లేదని మాత్రం అనకు. సితార సెంటర్‌లో టీ తాగుతూ అరగంట నిలబడితే ఈ పాఠమంతా వచ్చేస్తుంది.

నేను చెప్పబోయేవి దీనికి పూర్తిగా తలకిందులు. పాటిస్తే రోజు సంపాదన తగ్గుతుంది, కొన్ని రోజులు అసలుండదు. లెక్క తెలిసినవాళ్ళు వీటిని తప్పుడు సలహాలంటారు. అననివ్వండి. మన ఊరు తెలియక మనల్ని నమ్ముకుని వచ్చిన మనిషికి ఉన్న కాపలా రెండే: అనుమతి కాగితం, రుసుము రసీదు. ఆ రెండింటినీ అతని కంటపడకుండా చేయడమే నేర్పుగా చలామణీ అవుతోంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ నేర్పు మీకు వద్దు.

లైసెన్సు చేతికొచ్చేదాకా డబ్బు ముట్టుకోకండి

కృష్ణ అవతల ఒడ్డున ఉన్న ఉండవల్లి గుహలు, అమరావతిలోని స్తూపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వీటికి 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దాని కింద 1959లో చేసిన నియమాలు వర్తిస్తాయి. ఆ నియమాల్లో 8వది నిదానంగా చదవండి. రక్షిత కట్టడం లోపల సరుకులు అమ్మడం, ప్రకటనలు పెట్టడం, డబ్బు తీసుకుని సందర్శకులను తిప్పి చూపించడం, వీటన్నిటినీ ఒకే అంశంలో చేర్చి, పురావస్తు అధికారి ఇచ్చిన లైసెన్సు లేకుండా చేయకూడదని రాశారు.

ఇది చదివి ‘లైసెన్సు లేకపోతే గుహ దగ్గరికే పోకూడదు’ అనుకుని భయపడేవాళ్ళున్నారు. ‘ఎవడు అడుగుతాడులే’ అనుకుని రేటు మాట్లాడుకునేవాళ్ళు ఇంకా ఎక్కువమంది. రెండూ వద్దు. నియమం అడ్డుపడింది డబ్బుకి. చూపించడాన్ని ఎవరూ ఆపలేదు. కాబట్టి లైసెన్సు వచ్చేదాకా ఊరికే తిప్పండి. ‘నాకింకా లైసెన్సు రాలేదండీ, అందుకని డబ్బు తీసుకోను’ అని మొదటే చెప్పండి. చివర్లో చేతిలో నోటు పెట్టబోతే వెనక్కి ఇచ్చెయ్యండి. టీ తాగమంటే తాగండి, మీ టీ డబ్బులు మీరే ఇచ్చుకోండి.

ఆర్నెల్లు ఇలా చేస్తే ఇల్లెలా గడుస్తుందని అడుగుతారు. గడవదు. వేరే పనేదైనా చూసుకుని ఆదివారాలు మాత్రమే దీనికివ్వండి. డబ్బు లేకుండా తిప్పినప్పుడు మనిషికి ఒక సదుపాయం ఉంటుంది: తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పగలడు. డబ్బు తీసుకున్నవాడు ఆ మాట అనలేక కథ అల్లుతాడు. ఉండవల్లి నుంచి కొండపల్లికీ, మంగళగిరికీ సొరంగం ఉందన్న కథ ఎన్ని నోళ్ళు మారిందో మనందరికీ తెలుసు. వినడానికి బాగుంటుంది. అది ఊళ్ళో చెప్పుకునే కథ అని చెప్పి చెప్పండి, లేదా మానెయ్యండి.

ఈలోపు కాగితాల పని మొదలుపెట్టండి. కేంద్ర పర్యాటక శాఖ ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ అనే సర్టిఫికెట్ కోర్సును ఆన్‌లైన్‌లో పెట్టింది. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అంతకుముందు నుంచీ ప్రాంతీయ స్థాయి గైడ్ల పద్ధతి ఉంది. వాళ్ళకి శిక్షణ ఇచ్చే ఐఐటీటీఎం సంస్థ క్యాంపస్ ఒకటి మన నెల్లూరులోనే ఉంది. ఒక్క జాగ్రత్త. కోర్సు పాసైన సర్టిఫికెట్టూ, కట్టడం లోపల డబ్బుకి తిప్పడానికి పురావస్తు శాఖ ఇచ్చే లైసెన్సూ ఒకటే అనుకోకండి. కొండపల్లి కోట రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది, అక్కడి సంగతి మళ్ళీ వేరు. మీ దగ్గరున్న కాగితం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అని ప్రతి కార్యాలయంలోనూ అర్జీ పెట్టి, రాతలో జవాబు తీసుకోండి. ‘ఏం ఫర్లేదు, తిప్పుకో’ అని నోటిమాటగా అన్నది అనుమతి కిందికి రాదు.

టికెట్టు వాళ్ళ చేతే కొనిపించండి

ఉండవల్లి దగ్గర కారు దిగగానే ‘మీరు నీడలో కూర్చోండి సార్, నేను తెస్తా’ అని పరిగెత్తకండి. పార్టీ మొత్తాన్ని కౌంటరు దగ్గరికి నడిపించండి. ధరల బోర్డు ముందు నిలబెట్టండి, తీరిగ్గా చదవనివ్వండి. ఎండగా ఉందని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

బోర్డులో ఉన్నదాన్ని విడమరిచి చెప్పండి. 2018లో కేంద్ర పురావస్తు శాఖ ధరలు పెంచినప్పుడు ఉండవల్లి లాంటి రెండో తరగతి కట్టడాలకు మన దేశస్థులకి 25 రూపాయలు, విదేశీయులకి 300 రూపాయలు చేశారు. ఆన్‌లైన్‌లో కొంటే మనవాళ్ళకి 5 రూపాయలు, విదేశీయులకి 50 రూపాయలు తగ్గుతాయి. పదిహేనేళ్ళలోపు పిల్లలకి టికెట్టే లేదు. సార్క్, బిమ్‌స్టెక్ దేశాలవాళ్ళు మనతో సమానంగా కడితే చాలు. నేపాల్ నుంచో శ్రీలంక నుంచో బౌద్ధ క్షేత్రాలు చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఈ సంగతి చెప్పకుండా 300 వసూలు చేశారంటే ఒక్కొక్కరి దగ్గర 275 రూపాయలు కాజేసినట్టు.

మన జిల్లాకి సంబంధించినది ఇంకొకటుంది. కృష్ణా డెల్టాలో పిల్లలు అమెరికాలో లేని ఊరు తక్కువ. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకి వచ్చినప్పుడు తాతగారు మనవల్ని గుహలు చూపించమని మనకి అప్పజెబుతారు. మనవడి చేతిలో అమెరికా పాస్‌పోర్టు, దాంతోపాటు ఓసీఐ కార్డు ఉంటాయి. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళకి జాతీయ ఉద్యానాలు, కట్టడాలు, చారిత్రక స్థలాలు, మ్యూజియంల ప్రవేశ రుసుములో భారతీయులతో సమానత్వం ఇస్తూ కేంద్ర హోం శాఖ 2021 మార్చిలో నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే ఆ అబ్బాయి 25 కడితే చాలు. ఇది తెలియక 300 తీసి పక్కన పెట్టుకున్న తాతగారికి మీరే చెప్పండి: ‘కార్డు ఇంట్లో మర్చిపోయారేమో చూసుకోండి బాబుగారూ, లేకపోతే పన్నెండు రెట్లు కట్టాల్సొస్తుంది’ అని. కార్డు నిజంగానే ఇంట్లో ఉండిపోతే, తెచ్చుకోవడానికి వెనక్కి వెళ్ళమనండి. మీ పూట పాడవుతుంది. వెళ్ళమనే అనండి.

టికెట్టు కొన్నాక అది మీ జేబులో పెట్టుకోకండి. ఎవరి టికెట్టు వాళ్ళ చేతికివ్వండి. పార్కింగ్ దగ్గర కూడా ఇంతే. చాలాచోట్ల పార్కింగ్ వసూలు పాట పాడుకున్న కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. అచ్చు వేసిన రసీదు, దానిమీద రేటు లేనిదే డబ్బు ఇవ్వొద్దని డ్రైవరుకి కూడా చెప్పండి. కాంట్రాక్టరు మనుషులకి మీమీద కోపం వస్తుంది. మర్నాడు మీ బండిని ఎండలో పెట్టిస్తారు.

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. ఆ రోజు కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ప్రవేశం ఉచితంగా పెడుతుంటారు. 17న బేరం వస్తే ‘రేపు రండి, ఉచితం’ అనండి. 18న జనం ఎక్కువగా ఉండి మీ వంతు రాకపోయినా సరే.

మీ రేటు ముందు చెప్పండి, తగ్గించుకునే దారి కూడా మీరే చూపండి

కేంద్ర పర్యాటక శాఖ గైడ్ల రుసుములు నిర్ణయించినప్పుడు మనుషుల లెక్కన మెట్లు పెట్టింది: చిన్న గుంపు, మధ్యరకం గుంపు, పెద్ద గుంపు. సగం రోజుకొక రేటు, పూర్తి రోజుకొక రేటు. ఇంగ్లీషు కాక వేరే విదేశీ భాష మాట్లాడితే అదనం. చక్కటి పద్ధతి. దీన్ని కాగితం మీద అచ్చు వేయించి, ముందే చేతికివ్వండి.

ఇప్పుడు నా తలకిందుల సలహా. ఒక్క మనిషి ఎక్కువైతే రేటు పై మెట్టుకి పోయే సందర్భాలుంటాయి. ఆ ఒక్క మనిషి ఎనభై ఏళ్ళ అమ్మమ్మ అయి, మెట్లెక్కకుండా కింద చెట్టు కిందే కూర్చునేటట్టయితే, ఆవిణ్ణి లెక్కలో కలపకండి. సగం రోజులో అయ్యే పనిని పూర్తి రోజుకి సాగదీయకండి. ఉండవల్లి చూడ్డానికి నాలుగు గంటలు అక్కర్లేదు. బెజవాడలోని బాపు మ్యూజియానికి గైడు తప్పనిసరి కాదు. 1887 నాటి ఆ భవనం, 1921లో ఏఐసీసీ సమావేశానికి గాంధీజీ బెజవాడ వచ్చినప్పుడు పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఆయన చేతిలో పెట్టిన సంగతి ఎవరైనా చదివి తెలుసుకోగలరు. చదువుకున్నవాళ్ళ దగ్గర ‘ఇక్కడ మీకు నేనక్కర్లేదు’ అని చెప్పి గేటు బయటే ఆగిపోండి.

గుంపు పెద్దదైతే చీల్చండి. ఉండవల్లి నాలుగంతస్తుల కొండగుహ. ఇసుకరాయి తొలిచి చేసింది. పైన ఒకే రాతిలో మలిచిన అనంతశయనుడు, ఐదు మీటర్లకి పైబడిన నిడివి. ఆ మసక వెలుతురులో నలభైమంది ఒక్కసారి దూరితే ఎవరికీ పాదాలు కనపడవు, ముఖం కనపడదు, ఫోను లైట్లు మాత్రం కనపడతాయి. పది పదిమందిగా పంపండి. ఒకే మాట నాలుగుసార్లు చెప్పాలి, డబ్బు ఒక్కసారికే వస్తుంది. వెనిస్ నగరం 2024లో పర్యాటక గుంపు 25 మందిని మించకూడదని, గైడ్లు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని నియమం పెట్టింది. మనకి అలాంటి నియమం ఎవరూ పెట్టలేదు గనక మనమే పెట్టుకోవాలి. మెడలో మైకు తగిలించుకుని గుహలో అరిచేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పద్నాలుగు వందల ఏళ్ళకి పైగా పడుకుని ఉన్న స్వామి ఆయన.

కొండ మీద మీకు పని లేదు

ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం చేయిస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి. టికెట్లు దేవస్థానం అమ్ముతుంది, కౌంటర్లో, ఆన్‌లైన్‌లో. ధర్మదర్శనానికి అసలు టికెట్టే లేదు. ఈ రెండిటి మధ్య మూడో దారి ఉందని చెప్పేవాణ్ణి దళారి అంటారు. ‘మావాడొకడున్నాడు’ అన్న మాట మీ నోట ఒక్కసారి వచ్చిందంటే మీరూ ఆ వరసలోకి చేరినట్టే.

పార్టీ బతిమాలుతుంది. ‘పెద్దావిడండీ, మోకాళ్ళ నొప్పులు, ఎంతైనా ఇస్తాం’ అంటారు. వృద్ధులకీ, దివ్యాంగులకీ దేవస్థానం చేసే ఏర్పాట్లు ఏమిటో ముందురోజే సమాచార కేంద్రంలో కనుక్కుని ఉంచుకోండి, ఆ సంగతి చెప్పండి, అక్కడితో మీ పని సరి. దసరాల్లో మూలా నక్షత్రం రోజు అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉంటారు. ఆ రోజు కొండ కింద వీధులన్నీ జనమే. బేరాలు బాగా వచ్చే రోజు కూడా అదే. ఆ రోజు ఒక్క బేరమూ ఒప్పుకోకుండా, కుదిరితే క్యూలైన్ల దగ్గర మంచినీళ్ళు అందించండి.

పడవ లేదని చెప్పడం నేర్చుకోండి

ఇక్కడ కాసేపు ఆగాలి. మిగతావన్నీ డబ్బు సంగతులు, ఇది ప్రాణం సంగతి.

2017 నవంబరు 12, కార్తీక మాసం, ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర హారతి చూడ్డానికని భవానీ ద్వీపం వైపు నుంచి యాత్రికులతో బయల్దేరిన ప్రైవేటు పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తాపడింది. 20 మందికి పైగా చనిపోయారు. ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎక్కువమంది. ఆ పడవకి యాత్రికులని తిప్పే అనుమతి లేదు. పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు. లైఫ్ జాకెట్లు ఇవ్వలేదని బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఒడ్డు దగ్గర్లోనే ఉంది.

భవానీపురంలో ఉండేవాళ్ళకి ఆ సాయంత్రం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అంబులెన్సులు ఏ రోడ్డు మీద వెళ్ళాయో అందరికీ తెలుసు. అప్పటికి రెండేళ్ళు కూడా తిరక్కుండా, 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉండగా పాపికొండలకి బయల్దేరిన రాయల్ వశిష్ఠ పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. పడవలో 77 మంది. 26 మంది బయటపడ్డారు.

రెండు చోట్లా ఎక్కిన యాత్రికులకి నది సంగతి తెలిసి ఉండదు. నది తెలిసినవాళ్ళు ఒడ్డునే ఉన్నారు. పడవ దగ్గరికి చేర్చినవాళ్ళలో ఎవరైనా ఒక్కరు ‘వద్దండీ’ అని గట్టిగా అని ఉంటే అన్నది నన్ను వదలని ఆలోచన. ఆ అనేవాడు మీరు కావాలి.

కాబట్టి పార్టీని రేవు దగ్గరికి తీసుకెళ్ళి, ఎక్కకముందు అందరి ముందూ ఇవి అడగండి. ఈ పడవ రిజిస్ట్రేషన్ నంబరు ఏది? 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. దాని ప్రకారం పడవకి రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్వే సర్టిఫికెట్ ఉండాలి. ఎంతమంది ఎక్కొచ్చో ఎక్కడ రాసి ఉంది? ఆ అంకె పైకి చదవండి, తర్వాత ఎక్కినవాళ్ళని పైకి లెక్కపెట్టండి. సరంగు ఎవరు, అతని లైసెన్సు ఏది? లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా, పిల్లల సైజువి ఉన్నాయా? ఉన్నాయని చూపిస్తే చాలదు. ఒంటిమీద వేసి, బకిళ్ళు మీ చేత్తో పెట్టి, లాగి చూడండి. ఫొటోకి బాగుండదని తీసేసే కుర్రాళ్ళుంటారు. వాళ్ళు తీసేస్తే పడవ ఒడ్డుకి తిప్పమనండి, ఒడ్డుకి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండండి.

వీటిలో ఒక్కదానికి జవాబు సరిగ్గా రాకపోయినా ‘ఈ పడవ వద్దండీ’ అనాలి. చెవిలో గుసగుసగా అంటే కుదరదు. సరంగుకి వినపడేటట్టు, ఎక్కడానికి నిలబడ్డ మిగతావాళ్ళకీ వినపడేటట్టు అనాలి. రేవు దగ్గర మీకు శత్రువులు పుడతారు. ‘మా పొట్ట కొట్టావు’ అని మొహం మీదే అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, వాళ్ళూ పిల్లలు గలవాళ్ళే. వీలైతే తర్వాత కూర్చుని, కాగితాలు ఎలా తెచ్చుకోవాలో వాళ్ళకి సాయం చేయండి, అర్జీ రాసిపెట్టండి. ఎక్కే నిమిషంలో మాత్రం మొహమాటానికి చోటివ్వకండి.

చీకటి పడే వేళ హారతి కోసం పడవలో వెళ్దామని ఎవరన్నా అంటే రోడ్డు మీద తీసుకెళ్ళండి. భవానీపురం నుంచి ఇబ్రహీంపట్నానికి గొల్లపూడి మీదుగా రోడ్డుంది. పడవ మీద మీకు రావాల్సిన వాటా పోతుంది. హారతి ఒడ్డు మీంచి కూడా అంతే కనపడుతుంది.

వర్షాకాలంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎంత నీరు వదులుతున్నారో రోజూ పొద్దున్నే చూడండి. 3 లక్షల 97 వేల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5 లక్షల 69 వేలు దాటితే రెండోది. మొదటి హెచ్చరిక దాకా ఆగకండి. ఎగువన పులిచింతల నుంచి నీరు వదిలారని తెలిసిన రోజే మీ నది బేరాలన్నీ ఆపెయ్యండి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చాయి. ఎగువన కట్టి ఉంచిన పెద్ద పడవలు తెగి కొట్టుకొచ్చి గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లని గుద్దాయి. 1957లో పూర్తయిన బ్యారేజీకి 70 గేట్లు. కాంక్రీటు దిమ్మలే విరిగాయంటే ఆ నీటి ముందు యాత్రికుల పడవ ఎంత?

పడవలు ఆపిన రోజున అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చెయ్యండి. సగం పట్టుకోకండి, ‘ఇంకోసారి వచ్చినప్పుడు సర్దుదాం’ అనకండి. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి వచ్చినవాళ్ళు ఇంకోసారి ఎప్పుడు వస్తారో ఎవరికి తెలుసు? మీరు తిప్పిన సమయానికి మీ కూలి కూడా ఆ రోజు అడగొద్దు. డబ్బు వస్తుందన్న ఆశ మనసులో ఉంటే, నది మీద మన తీర్పు మనకి తెలియకుండానే మారిపోతుంది.

కొండపల్లిలో కమీషన్ వద్దు

బొమ్మల కాలనీలో ప్రతి గైడుకీ ఎంతో కొంత ముడుతుందని అనుకుంటారు. వద్దనండి. తెల్ల పొణికి చెక్క తెచ్చుకుని, ఎండబెట్టి, చెక్కి, అతికించి, మక్కు పెట్టి, రంగులేసి దశావతారాలో ఏనుగు అంబారీనో చేసే ఇంట్లోవాళ్ళకి మిగిలేదే తక్కువ. అందులోంచి మనకొక వాటా తీస్తే, అది కొనేవాడి ధరలో కలుస్తుంది, లేదా చేసేవాడి కూలిలోంచి పోతుంది. పార్టీని కాలనీ మొదట్లో దింపి, ‘ఏ ఇంటికైనా వెళ్ళండి, నేను ఇక్కడే ఉంటాను’ అనండి. వెంట వెళ్ళకండి. మీరు వెంట వెళితే దుకాణాదారు మీ వాటా లెక్కేసుకునే ధర చెబుతాడు, మీరు తీసుకోకపోయినా.

చూడ్డానికి మిగిలిందేమిటో నిజం చెప్పండి

అమరావతి బేరం పెద్దది. భవానీపురం నుంచి కారులో వెళ్ళి రావడానికి పూట పడుతుంది, రాబడి బాగుంటుంది. అందుకే బయల్దేరకముందే చెప్పండి: స్తూపం దగ్గర ఇప్పుడున్నది చాలావరకు పునాది దిబ్బ. కాలిన్ మెకంజీ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఈ దిబ్బ చూశాడు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. పాలరాయి అని మనం పిలుచుకునే ఆ సున్నపురాతి పలకలు చాలా మద్రాసుకీ, అక్కణ్ణుంచి కొన్ని లండన్‌కీ వెళ్ళిపోయాయి. పక్కనున్న మ్యూజియంలో మంచివి ఉన్నాయి, ప్రవేశం 5 రూపాయలు. దానికి శుక్రవారం సెలవు. శుక్రవారం అమరావతి బేరం వస్తే, దిబ్బ చూపించి తీసుకురావచ్చులే అనుకోకండి. రోజు మార్చుకోమనండి, కుదరదంటే వదులుకోండి.

ఇది విని సగంమంది వెళ్ళడం మానేస్తారు. మిగిలిన సగంమంది దిబ్బ చుట్టూ నడుస్తూ, ఇక్కడ ఉండాల్సింది ఏది, ఏది ఎక్కడికి పోయింది అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగేలా చదువుకోండి. అదే గైడు పని.

శిల్పాల మీద నిజంగా మక్కువ ఉన్నవాళ్ళు కనపడితే మీకు దక్కని బేరాలు కూడా చెప్పి పంపండి. లండన్‌లో పిల్లలున్నవాళ్ళకి చెప్పండి: బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలకలకి ప్రత్యేకంగా ఒక గది ఉంది, ప్రవేశానికి టికెట్టు లేదు, గైడూ అక్కర్లేదు. అంత దూరం పోలేనివాళ్ళని బెజవాడ స్టేషన్‌లో రాత్రి రైలెక్కి చెన్నై వెళ్ళమనండి. ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో మన పలకలు చాలా ఉన్నాయి. అక్కడ కూడా శుక్రవారమే సెలవు. గురువారం రాత్రి రైలెక్కొద్దని చెప్పండి.